రేడియేషన్ నోటిపూతకు తేనె: పరీక్షలు ఏం తేల్చాయి, వాడకంలో తేడా ఎక్కడ కొడుతుంది

సంక్షిప్తంగా

తల, మెడ భాగాల క్యాన్సర్‌కు రేడియేషన్ ఇస్తున్నప్పుడు నోరు పూయడం దాదాపు అందరికీ ఎదురయ్యేదే. చికిత్స మొదలైన రోజు నుంచే తేనె చప్పరిస్తే పూత అంత ముదరదని కొన్ని చిన్న పరీక్షలు చూపించాయి. ఎవరికి ఏం ఇస్తున్నారో దాచిపెట్టి చేసిన పెద్ద పరీక్షల్లో ఆ లాభం కనిపించలేదు. అంతర్జాతీయ మార్గదర్శకాలు 2020లో తేనెకు ‘సూచన’ స్థాయిలో చోటిచ్చాయి. అదీ పూత రాకుండా చూడటానికే తప్ప లేచిన పుండును మాన్పడానికి కాదు. తేనెతో వచ్చే నష్టం పళ్ల మీద, రక్తంలో చక్కెర మీద పడుతుంది. ఆ రెండింటినీ కాచుకోకుండా తేనె మొదలుపెడితే పూత తగ్గినా చిక్కు తప్పదు.

నోరు ఎందుకు పూస్తుంది

‘కరెంటు పెట్టారు, నోరు కాలిపోయింది’ అని వాడుకలో అంటారు. నిజానికి అది కాలడం కాదు. కాలిన గాయం అప్పటికప్పుడే కనిపిస్తుంది. రేడియేషన్ పూత మాత్రం మొదటి వారంలో కంటికి కనిపించదు.

నోటి లోపలి పొరలో పైకణాలు నమిలేటప్పుడు, మాట్లాడేటప్పుడు నిత్యం రాలిపోతుంటాయి. అడుగు వరుసలోని కణాలు విభజన చెందుతూ కొత్తవాటిని పైకి నెడుతుంటాయి. పొర మొత్తం ఒకసారి మారడానికి సుమారు 7 నుంచి 14 రోజులు పడుతుంది. రేడియేషన్ దెబ్బ ప్రధానంగా తగిలేది ఈ అడుగు వరుసకే. పైన ఉన్న పాత సరుకు రాలిపోయేదాకా నోరు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కింది నుంచి కొత్త కణాలు అందవని తేలేది ఆ తర్వాతే.

సాధారణంగా రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) చొప్పున, వారానికి 5 రోజులు, 6 నుంచి 7 వారాల్లో 60 నుంచి 70 గ్రే దాకా రేడియేషన్ ఇస్తారు. మొత్తం 20 గ్రే అయ్యేసరికి, అంటే రెండో వారం చివరికి, పొర ఎర్రబడి నిగనిగలాడుతుంది, కారం ఉప్పు తగిలితే చురుక్కుమంటుంది. 30 గ్రే దగ్గర, మూడో వారంలో, అక్కడక్కడ పసుపు కలిసిన తెల్లటి మచ్చలు లేస్తాయి. పాల మీద మీగడ తరకలా కనిపించే ఆ పొరలో ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే నార లాంటి ప్రోటీన్), చచ్చిన కణాలు, బ్యాక్టీరియా కలిసి ఉంటాయి. గోకితే ఊడి వస్తుంది, రక్తం కారుతుంది, కింద పచ్చి పుండు బయటపడుతుంది. అందుకే దాన్ని గుడ్డతోనో బ్రష్‌తోనో తీసే ప్రయత్నం చేయకూడదు. మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోతే నొప్పి పతాకస్థాయికి చేరుతుంది. చికిత్స ముగిశాక కూడా ఒకటి రెండు వారాలు అలాగే ఉండి, ఆ తర్వాతే మానడం మొదలవుతుంది. కీమోథెరపీ కూడా కలిపి ఇచ్చినవారికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

బుగ్గల లోపలి భాగం, నాలుక అంచులు, నాలుక కింది భాగం, మెత్తటి అంగిలి ముందుగా దెబ్బతింటాయి. గట్టి అంగిలికి, చిగుళ్లకు పైన కెరాటిన్ అనే గట్టి కవచం ఉంటుంది కాబట్టి అవి కొంత తట్టుకుంటాయి. కిరణాలు తగిలే మేరను బట్టి ఇది మనిషికో తీరుగా ఉంటుంది.

ఈ క్రమాన్ని పరిశోధకుడు స్టీఫెన్ సోనిస్ 2004లో ఐదు దశలుగా వివరించారు. కిరణాలు తగిలిన క్షణంలో కణాల డీఎన్‌ఏ తెగడం, చురుకైన ఆక్సిజన్ అణువులు పుట్టడం మొదటి దశ. రెండో దశలో ఎన్‌ఎఫ్-కప్పా-బి వంటి స్విచ్‌లు తెరుచుకుని టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ వంటి వాపు సంకేతాలు వెలువడతాయి. మూడో దశలో ఆ సంకేతాలు ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. నాలుగోది పుండు పడే దశ. మానడం ఐదోది. నోట్లోని బ్యాక్టీరియా రంగంలోకి దిగేది నాలుగో దశలోనే. తేనె గురించి వినిపించే వాదనలను తూకం వేయడానికి ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు.

పూత ముదిరితే పోయేది నోరొక్కటే కాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం పూతకు 0 నుంచి 4 దాకా గ్రేడ్లున్నాయి. ఎర్రబడి మంట పుడితే 1. పుండ్లున్నా గట్టి ఆహారం తినగలిగితే 2. ద్రవాలు తప్ప దిగకపోతే 3. నోటితో ఏమీ తీసుకోలేకపోతే 4. పరీక్షలన్నీ ముఖ్యంగా 3, 4 గ్రేడ్లను లెక్కిస్తాయి. ముక్కు గొట్టం, ఆసుపత్రిలో చేరిక, చికిత్సకు విరామం వచ్చేది అక్కడే.

ఆ విరామమే అసలు ప్రమాదం. మిగిలిన క్యాన్సర్ కణాలు ఖాళీ రోజుల్లో తిరిగి పెరుగుతాయి. తల, మెడ క్యాన్సర్లలో చికిత్స ఒక్కరోజు సాగితే కణితి అదుపులోకి వచ్చే అవకాశం సుమారు 1.4 శాతం తగ్గుతుందన్నది తరచూ చెప్పే అంచనా. నోటి మంట కోసం వారం రోజులు చికిత్స ఆపడం ఎంత ఖరీదైన విశ్రాంతో ఈ లెక్క చెబుతుంది. తేనె వంటి చవకైన వస్తువు మీద వైద్యులు ఇంత ఆసక్తి చూపడానికి కారణం కూడా ఇదే. గ్రేడ్ 3ని గ్రేడ్ 2 దగ్గర ఆపగలిగినా మేలే.

తేనె చేస్తుందని చెప్పే పనులు

తేనెలో సుమారు 17 శాతం నీరు, 38 శాతం ఫ్రక్టోజ్, 31 శాతం గ్లూకోజ్ ఉంటాయి. మిగిలినవి ఇతర చక్కెరలు, ఆమ్లాలు, ఎంజైములు, ఫినాలిక్ పదార్థాలు. పీహెచ్ (పులుపును తెలిపే కొలత, 7 కంటే ఎంత తగ్గితే అంత పులుపు) సగటున 3.9, అంటే బాగా పుల్లనిదే; తీపి ఆ పులుపును కప్పేస్తుంది. నీరు తక్కువ, చక్కెర ఎక్కువ కావడంతో తేనె తగిలిన చోట సూక్ష్మక్రిముల నుంచి నీటిని లాగేస్తుంది.

తేనెటీగ కలిపే గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము చిక్కటి తేనెలో నిద్రాణంగా ఉంటుంది. నీరు కలిసి పలచబడగానే మేల్కొని గ్లూకోజ్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నెమ్మదిగా విడుదల చేస్తుంది. తేనె 30 నుంచి 50 శాతం ఉండేలా పలచబడినప్పుడు ఈ పెరాక్సైడ్ ఎక్కువగా పోగవుతుంది. న్యూజిలాండ్‌లో పేరుపడ్డ మనుకా తేనె తీరు వేరు. దాని క్రిమినాశక శక్తి పెరాక్సైడ్ కంటే మిథైల్‌గ్లైఆక్సాల్ అనే పదార్థం నుంచి ఎక్కువగా వస్తుంది.

ఇదంతా గాజు పళ్లెంలో చూసిన రసాయనం. నోట్లో పరిస్థితి వేరు. లాలాజలంలో, కణాల్లో పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే ఎంజైములు ఉంటాయి. పైగా తేనె ఒకచోట నిలవదు, నిమిషాల్లో గొంతు దిగిపోతుంది. వీటన్నిటికంటే పెద్ద ఆక్షేపణ మరొకటుంది. రేడియేషన్ పూతను ఆపడానికి నేరుగా క్రిములను చంపే మందులను ఇదివరకే ప్రయత్నించారు. యాంటీబయాటిక్, యాంటీఫంగల్ కలిపిన చప్పరింపు బిళ్లలు, ఇసెగానన్ పుక్కిలింత ఫలించలేదు, మార్గదర్శకాలు వాటిని వద్దన్నాయి. క్రిములు నాలుగో దశలో వచ్చే అతిథులు మాత్రమే అయినప్పుడు వాటిని చంపితే మొదటి మూడు దశలు ఆగవు. కాబట్టి తేనె పనిచేస్తే అది క్రిములను చంపడం వల్ల కాకపోవచ్చు. పొరకు తడి కవచంగా నిలవడం, వాపు సంకేతాలను తగ్గించడం, రోజుకు మూడుసార్లు కొంత శక్తినివ్వడం ఇందుకు మెరుగైన వివరణలు. ‘తేనె సహజ యాంటీబయాటిక్ కాబట్టి పూత తగ్గుతుంది’ అనే ప్రచారం ఈ లెక్కన తప్పుదారి పట్టినట్టే.

పరీక్షలు చెప్పిన రెండు కథలు

ఈ చర్చకు ఊపు తెచ్చింది మలేసియాలో జరిగి 2003లో ప్రచురితమైన పరీక్ష. తల, మెడ క్యాన్సర్ రోగులు 40 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు రేడియేషన్‌కు 15 నిమిషాల ముందు, అయ్యాక 15 నిమిషాలకు, మళ్లీ 6 గంటలకు 20 మిల్లీలీటర్ల చొప్పున తేనె తీసుకుంది. రెండో జట్టుకు రేడియేషన్ మాత్రమే. తీవ్రమైన పూత తేనె జట్టులో 20 శాతం మందికి వస్తే, రెండో జట్టులో 75 శాతం మందికి వచ్చింది. తేనె జట్టులో సగం మందికి పైగా బరువు నిలబెట్టుకున్నారు లేదా పెరిగారు. తర్వాత ఇరాన్, ఈజిప్టు, భారత్‌లలో దాదాపు ఇదే పరిమాణంలో, ఇదే మోతాదుతో జరిగిన పరీక్షలూ తేనెవైపే మొగ్గాయి.

రెండో కథ మనుకా తేనెది. బ్రిటన్‌లో 131 మందితో జరిగి 2012లో వెలువడిన పరీక్షలో ఒక జట్టుకు మనుకా తేనె, మరో జట్టుకు చూడటానికి దానిలాగే ఉండే గోల్డెన్ సిరప్ ఇచ్చారు. పూత తీవ్రతలో రెండు జట్లకూ తేడా తేలలేదు. కెనడాలో 2014లో వెలువడిన మరో పరీక్షలో మనుకా తేనెను ఉత్తుత్తి జెల్‌తో పోల్చారు. అక్కడా లాభం కనిపించలేదు, పైగా ఆ తేనె వికారం పుట్టిస్తోందని చాలామంది మధ్యలోనే మానేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ రేడియేషన్‌లో అన్నవాహిక మంటకు మనుకాను ద్రవంగానూ బిళ్లగానూ అమెరికాలో పరీక్షించినప్పుడు కూడా మామూలు చికిత్సను మించిన ఫలితం రాలేదు.

రెండూ ఎలా నిజమవుతాయి

మొదటి రకం పరీక్షల్లో రోగికీ తెలుసు, చాలాచోట్ల నోరు చూసే వైద్యుడికీ తెలుసు, ఎవరు తేనె తీసుకుంటున్నారో. గ్రేడ్ 2కీ 3కీ మధ్య గీత ‘గట్టి ఆహారం తినగలుగుతున్నారా’ అనే ప్రశ్న మీద ఆధారపడుతుంది. తేనె పనిచేస్తుందని నమ్మే మనిషి ఇంకో ముద్ద ఎక్కువే ప్రయత్నిస్తాడు. జట్టుకు 20 మంది ఉన్నచోట ఇలాంటి ఇద్దరు ముగ్గురి తేడా శాతాలను బాగా మార్చేస్తుంది. చిన్న పరీక్షలన్నిటినీ కలిపి లెక్కగట్టినా ఈ లోపం పోదు. పక్షపాతాన్ని కూడితే పక్షపాతమే వస్తుంది.

అలాగని పెద్ద పరీక్షలకు చివరి మాట అప్పగించలేం. గోల్డెన్ సిరప్ అంటే విరిచిన చక్కెర పాకం. అది కూడా చిక్కగా ఉండి పొరకు అంటుకుంటుంది, నీటిని లాగుతుంది, శక్తినిస్తుంది. అంటే ఆ పరీక్ష అడిగిన ప్రశ్న ‘తేనె పనిచేస్తుందా’ అన్నది కాదు, ‘చక్కెర పాకానికి లేని ప్రత్యేక గుణం ఏదైనా మనుకా తేనెలో ఉందా’ అన్నది. దానికి జవాబు ‘లేనట్టుంది’. మలేసియా తరహా పరీక్ష అడిగింది ‘ఏమీ తీసుకోకపోవడం కంటే తేనె మేలా’ అని. ఆ జవాబు ‘అవునేమో’. ప్రశ్నలే వేరైనప్పుడు రెండు జవాబులూ పక్కపక్కనే నిలబడగలవు. తేనె మహిమ దాని జిగటలోనూ చక్కెరలోనూ ఉంటే రెండు కథలూ ఒకదానికొకటి సరిపోతాయి.

ఇంకో తేడా తేనె రకానిది. లాభం చూపినవి మామూలు పూల తేనెలు, చూపనివి మనుకా. పెరాక్సైడ్ విడుదల చేసేదీ చేయనిదీ ఒకటి కాకపోవచ్చన్న వాదన ఉంది. రుచి కూడా తక్కువ కారణమేం కాదు, గొంతు దిగని మందు పనిచేయదు. అయితే మామూలు తేనెను, మనుకాను నేరుగా పక్కపక్కన పెట్టి పెద్ద ఎత్తున పోల్చిచూసేదాకా ఇది ఊహే. ఖరీదైన మనుకా కొనడానికి మాత్రం ఇప్పుడున్న ఆధారాలు ఏ కారణమూ చూపడం లేదు.

మార్గదర్శకాలు ఏమంటున్నాయి

క్యాన్సర్ సహాయక చికిత్సల అంతర్జాతీయ సంఘం, నోటి క్యాన్సర్ సంఘం కలిసి ఇచ్చే మార్గదర్శకాలు 2014లో తేనె విషయంలో ఏ నిర్ణయానికీ రాలేదు. 2020 సవరణలో మాత్రం తల, మెడ రేడియేషన్‌లో, కీమో కలిసినా కలవకపోయినా, పూత నివారణకు తేనెను సూచించాయి. ‘సూచన’ అనే మాటను అక్కడ కొలిచి వాడతారు. ‘సిఫార్సు’ కంటే అది ఒక మెట్టు కింద. అదే పత్రంలో సిఫార్సు స్థాయి దక్కింది తక్కువ శక్తి లేజర్ కాంతి చికిత్సకు, 50 గ్రే లోపు రేడియేషన్‌లో వాపు తగ్గించే బెంజిడమిన్ పుక్కిలింతకు. అవి అందుబాటులో ఉన్నచోట తేనె వాటికి తోడు కావచ్చు గానీ బదులు కాదు. నోరు శుభ్రంగా ఉంచుతుందని చాలామంది వాడే క్లోర్‌హెక్సిడిన్‌ను మాత్రం రేడియేషన్ పూత నివారణకు వాడవద్దని ఆ పత్రం సూచించింది.

వాడే పద్ధతి

మోతాదు విషయంలో పరీక్షలు చాలావరకు ఒకే మాట మీద ఉన్నాయి: ఒక్కోసారి 20 మిల్లీలీటర్లు, రోజుకు మూడుసార్లు, మొదటి రేడియేషన్ రోజు నుంచి చివరి రోజు దాకా. 20 మిల్లీలీటర్లంటే 5 మిల్లీలీటర్ల టీస్పూను లెక్కన నాలుగు. మందు సీసాతో వచ్చే కొలత మూత వాడితే తేడా రాదు.

తేనెను గుటకలో మింగేస్తే ప్రయోజనం లేదు. నోట్లో పోసుకుని ముందు ఒక బుగ్గలోకి, తర్వాత రెండో బుగ్గలోకి, నాలుక కిందికి నెమ్మదిగా తిప్పాలి. తల కొద్దిగా వెనక్కి వాల్చితే అంగిలికి తగులుతుంది. రెండు నిమిషాలు అలా ఉంచి, కొద్దికొద్దిగా మింగాలి. గొంతు వెనక భాగం కూడా కిరణాల దారిలో ఉంటుంది కాబట్టి పుక్కిలించి ఉమ్మేయడం కంటే మింగడమే పరీక్షల్లో పాటించిన తీరు. తర్వాత 15 నిమిషాలు నీళ్లు తాగకుండా ఉంటే తేనె నోటి పొర మీద కాసేపు నిలుస్తుంది.

రేడియేషన్‌కు ముందు తీసుకునే మోతాదులో ఒక జాగ్రత్త ఉంది. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కదలకుండా ముఖానికి మాస్క్ బిగిస్తారు. ఆ స్థితిలో నోట్లో తేనె మిగిలి ఉంటే జిగట గొంతుకు అడ్డుపడి దగ్గు వస్తుంది, కదలిక వస్తుంది. పూర్తిగా మింగి, నోరు ఖాళీ అయిందని చూసుకున్నాకే లోపలికి వెళ్లాలి.

మూడో వారం వచ్చేసరికి మూడు ఇబ్బందులు ఒకేసారి ఎదురవుతాయి. లాలాజలం తగ్గి జిగురు తీగల్లా సాగుతుంది, తీపి రుచి తెలియదు లేదా వెగటు పుడుతుంది, పుండు మీద తేనె చురుక్కుమంటుంది. ఆ మంట తేనె చెడిపోవడం వల్ల కాదు. పులుపు, చిక్కదనం కలిసి పచ్చి పుండును తాకితే జరిగేది అదే. ఈ దశలో సమానంగా గోరువెచ్చని నీరు కలిపి పలచన చేస్తే సాధారణంగా తట్టుకోగలుగుతారు. మరిగే నీళ్లు కలపకూడదు, వేడికి గ్లూకోజ్ ఆక్సిడేజ్ దెబ్బతింటుంది. ఒకేసారి 20 మిల్లీలీటర్లు దిగకపోతే 10 చొప్పున విడదీయవచ్చు. పలచన చేసినా మంట భరించలేకపోతే ఆపేయడమే సరైనది. పుండు పడ్డాక తేనెను పట్టుబట్టి కొనసాగిస్తే అదనపు లాభముందన్న గట్టి ఆధారం లేదు.

పళ్లు: అందరూ మరిచే భాగం

పంటి ఎనామిల్ 5.5 పీహెచ్ దగ్గర కరగడం మొదలవుతుంది. తేనె పీహెచ్ 3.9. మామూలు నోట్లో లాలాజలం ఆ పులుపును నిమిషాల్లో సరిచేస్తుంది, చక్కెరను కడిగేస్తుంది. రేడియేషన్ తగిలిన నోట్లో ఆ లాలాజలమే ఎండిపోతుంది. చెవి ముందరి పెరోటిడ్ గ్రంథులకు సగటున 26 గ్రే దాటితే ఊట చాలావరకు పోతుంది, తిరిగి రావడానికి నెలలు పడుతుంది, కొందరికి పూర్తిగా రాదు. ఇలాంటి నోట్లో రోజుకు 60 మిల్లీలీటర్ల తేనె ఆరేడు వారాల పాటు తిరిగితే పళ్లు చిగుళ్ల అంచు దగ్గర వేగంగా పుచ్చిపోవచ్చు. పుచ్చిన పన్ను తీయించుకుందామంటే మరో ప్రమాదం కాచుకుని ఉంటుంది. రేడియేషన్ తగిలిన దవడ ఎముక సరిగా మానదు, కుళ్లే అవకాశం ఉంది. తీయాల్సిన పళ్లు రేడియేషన్‌కు కనీసం రెండు వారాల ముందే తీసేయాలని దంతవైద్యులు పట్టుబట్టేది అందుకే.

మూడు మోతాదుల్లో మూడోది ఇక్కడే ఇబ్బంది పెడుతుంది. రేడియేషన్ ఉదయం 10 గంటలకైతే 6 గంటల తర్వాతి మోతాదు సాయంత్రం 4కి పడుతుంది, చిక్కు లేదు. సాయంత్రం 4కైతే అది రాత్రి 10 దాటాక వస్తుంది. నిద్రలో లాలాజలం మామూలుగానే తగ్గుతుంది, ఎండిన నోట్లో అసలే ఉండదు. తేనె చప్పరించి అలాగే పడుకుంటే పళ్లను రాత్రంతా పాకంలో నానబెట్టినట్టే. ఇలాంటివారు రాత్రి మోతాదును ముందుకు జరుపుకోవడం, లేదా వదిలేయడం మేలు. ఆరు గంటల లెక్క మలేసియా పరీక్ష ఎంచుకున్న వేళ మాత్రమే, అంతకు మించిన శాస్త్రం దానిలో లేదు.

తేనె తీసుకున్న 15, 20 నిమిషాల తర్వాత నీళ్లతో గానీ ఉప్పు-సోడా నీళ్లతో గానీ నోరు పుక్కిలించాలి. ఒక గ్లాసు, అంటే సుమారు 240 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో పావు టీస్పూను వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపితే సరిపోతుంది. సోడా పులుపును విరుస్తుంది, జిగురును పలచబరుస్తుంది. ఉప్పు ఎక్కువైతే పుండు మండుతుంది. తేనె అయిన వెంటనే బ్రష్ చేయకూడదు. పులుపుకు మెత్తబడిన ఎనామిల్ అరిగిపోతుంది కాబట్టి అరగంట ఆగాలి. దంతవైద్యులు ఫ్లోరైడ్ జెల్ ఇచ్చి ఉంటే అది పడుకోబోయే ముందు, ఆ రోజుకు చివరి పని కావాలి. దాని తర్వాత నోట్లోకి తేనె వెళ్లకూడదు.

ఎవరు దూరంగా ఉండాలి

20 మిల్లీలీటర్ల తేనె సుమారు 28 గ్రాముల బరువుంటుంది, అందులో 23 గ్రాముల దాకా చక్కెర. మూడు మోతాదులకు దాదాపు 70 గ్రాములు, 250 కేలరీలు. తిండి దిగక చిక్కిపోతున్న మనిషికి ఇది వరమే. మధుమేహం ఉన్నవారికి, అందులోనూ వాపు తగ్గడానికో వాంతులకో డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్ వాడుతున్నవారికి, ఇదే లెక్క ప్రమాదంగా మారుతుంది. ఇలాంటివారు వైద్యుడిని అడక్కుండా మొదలుపెట్టకూడదు. మొదలుపెట్టినా చక్కెర పరీక్షలు పెంచి, మందులు సర్దుకోవాలి.

పచ్చి తేనెలో క్లాస్ట్రిడియం బొట్యులినమ్ బీజాలు ఉండవచ్చు. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టొద్దనేది ఇందుకే. కీమోథెరపీతో తెల్లరక్తకణాలు బాగా పడిపోయినవారికి కూడా పచ్చి తేనెను చాలా కేంద్రాలు వద్దంటాయి. గామా కిరణాలతో శుద్ధి చేసిన వైద్య తేనె ఇందుకు ప్రత్యామ్నాయం. ఈ శుద్ధి బీజాలను చంపుతుంది, కాచినప్పటిలా ఎంజైములను నాశనం చేయదు. నీళ్లు తాగినా పొరబోయి దగ్గు వచ్చేవారు తేనె మొదలుపెట్టే ముందు మింగడాన్ని పరీక్షించే నిపుణులను కలవాలి. పుప్పొడికో తేనెటీగ ఉత్పత్తులకో అలర్జీ ఉన్నవారు వాడకూడదు. పెట్ స్కాన్ ఉన్న రోజు ఉపవాస నియమం తేనెకూ వర్తిస్తుంది. స్కాన్‌లో ఎక్కించేది గ్లూకోజ్ లాంటి పదార్థమే కాబట్టి తేనె తాగి వెళితే చిత్రం చెడుతుంది.

‘చక్కెర క్యాన్సర్‌కు మేత’ అన్న భయంతో తేనె మానేవారూ ఉన్నారు. కణితి గ్లూకోజ్‌ను తీసుకునేది రక్తం నుంచి. ఆరోగ్యవంతుడు తేనె తిన్నా మానినా శరీరం ఆ స్థాయిని దాదాపు ఒకే హద్దులో ఉంచుతుంది. చికిత్స వారాల్లో బరువు తగ్గడం దీనికంటే ఎన్నో రెట్లు హాని.

కొట్టేయలేని సందేహం మరొకటుంది. రేడియేషన్ కణితిని చంపేది చాలావరకు చురుకైన ఆక్సిజన్ అణువుల ద్వారానే. వాటిని అణచే పదార్థం నోటిని కాపాడితే కణితినీ కాపాడదా? ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. కెనడాలో 540 మంది తల, మెడ రోగులకు ఆ అణువులను అణచే విటమిన్ ఇ, బీటా కెరోటిన్ మాత్రలిచ్చి చేసిన పరీక్ష 2005లో వెలువడింది. తక్షణ దుష్ప్రభావాలు తగ్గాయి గానీ, క్యాన్సర్ అదే చోట తిరగబెట్టడం మాత్రల జట్టులో ఎక్కువవైపు మొగ్గింది. తేనెలో అదే పని చేసే ఫినాలిక్ పదార్థాల మోతాదు ఆ మాత్రలతో పోలిస్తే స్వల్పం. అది కణితికి అండగా నిలిచిన దాఖలాలు కూడా లేవు. అయితే 40 మంది పరీక్షలు ఇలాంటి హానిని పట్టుకోగలిగేంత పెద్దవి కావు. తేనెకు పరిమితమవ్వాలే గానీ, దానికి తోడు పసుపు మాత్రలు, విటమిన్ మాత్రలు, ప్రొపోలిస్ (తేనెటీగలు పోగుచేసే జిగురు) చుక్కలు చేర్చుకుంటూ పోకూడదన్న జాగ్రత్త ఇక్కడి నుంచే వస్తుంది.

ఏ తేనె

తేనె పేరుతో బియ్యం పాకం, మొక్కజొన్న పాకం కలిపి అమ్మడం ప్రపంచమంతటా ఉన్న బెడద. నీళ్లలో వేస్తే ముద్దగా దిగడం, వత్తిని ముంచి వెలిగిస్తే మండటం, బొటనవేలి మీద చుక్క జారకపోవడం వంటి ఇంటి పరీక్షలు చిక్కదనాన్ని చెబుతాయే తప్ప కల్తీని పట్టలేవు. చిక్కగా చేసిన పాకం వీటన్నిటిలోనూ నెగ్గుతుంది. గడ్డకట్టడం కూడా కల్తీకి గుర్తు కాదు, గ్లూకోజ్ ఎక్కువున్న తేనె గడ్డకట్టడం సహజం. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం తేనెలో నీరు 20 శాతం మించకూడదు. వేడి చేసినా, నిల్వ పాతబడినా పెరిగే హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం కిలోకు 40 మిల్లీగ్రాములు, ఉష్ణమండల దేశాల తేనెలో 80 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ అంకెలున్న ప్రయోగశాల నివేదిక చూపగలిగిన తేనె ఏదైనా సరే, పువ్వు పేరు చూసి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

పూత వచ్చేశాక

నొప్పికి తేనె మందు కాదు. లిడోకైన్ కలిపిన పుక్కిలింతలు, డాక్సెపిన్ ద్రావణం, 0.2 శాతం మార్ఫిన్ పుక్కిలింత, అవి చాలకపోతే నోటి మాత్రలుగా, పట్టీలుగా ఇచ్చే నొప్పి మందులు వైద్యులు ఎంచుకునేవి. గ్రేడ్ 3 దగ్గర నొప్పిని పంటి బిగువున భరించడం తిండి మానేయడానికే దారితీస్తుంది. పూతలో తెల్లటి మచ్చలు పెరుగు ముక్కల్లా ఉండి, పుండు లేనిచోట కూడా కనిపిస్తే అది క్యాండిడా ఫంగస్ కావచ్చు. దానికి ఫంగస్ మందు వాడాలి, తేనె మోతాదు పెంచితే ఆ చక్కెర ఫంగస్‌కే పనికొస్తుంది. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, ఆగని రక్తం, రోజంతా ద్రవాలు కూడా దిగకపోవడం, మాత్ర మింగలేకపోవడం, వారంలో రెండు కిలోలకు పైగా బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తర్వాతి రేడియేషన్ రోజు దాకా ఆగకుండా చికిత్స బృందానికి అదే రోజు చెప్పాలి.